మా అన్నయ్య తాను ‘సార్వభౌమ పౌరుణ్ణి’ అంటున్నాడు. ఈ వాదనల్లో నిజమెంత?

తెనాలి ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇంటి గుట్టు నలుగురిలో పెట్టడం ఇష్టం లేక రెండు నెలలు ఆగాను. ఇక ఆగలేక రాస్తున్నాను.

మా అన్నయ్య పద్దెనిమిదేళ్ల క్రితం టెక్సస్‌కు వచ్చాడు. ఉద్యోగం చేస్తూ గ్రీన్ కార్డు, ఆ తర్వాత పౌరసత్వం తీసుకుని, కూడబెట్టిన డబ్బుతో ఒక చిన్న వ్యాపారం పెట్టుకున్నాడు. అది కిందటేడాది మూతపడింది. వ్యాపారం కోసం వాడిన క్రెడిట్ కార్డుల మీద వడ్డీ పెరుగుతూ పోయింది, ఇంటి రుణం వాయిదాలు కట్టక మూడు నెలలు కావస్తోంది. మనిషికి నిద్ర లేకుండా పోయింది. ఆ రాత్రుల్లోనే, అప్పులను చట్టప్రకారం రద్దు చేసుకునే రహస్యం నేర్పుతామని చెప్పేవారి వీడియోలు చూడడం మొదలుపెట్టి, చివరికి పదిహేను వందల డాలర్లు కట్టి వారి పాఠాల్లో చేరాడు.

అప్పటి నుంచి అన్నయ్య మాట, రాత రెండూ మారిపోయాయి. తాను ‘సార్వభౌమ పౌరుణ్ణి’ అనీ, అంటే ప్రభుత్వం చట్టాలూ కోర్టులూ తనకు వర్తించవనీ అంటున్నాడు. 1933లో అమెరికా ప్రభుత్వం దివాలా తీసిందనీ, అప్పుడు బంగారానికి బదులు ప్రజలనే తాకట్టు పెట్టిందనీ, ప్రతి మనిషి పేరుతోనూ ఖజానాలో ఒక రహస్య ఖాతా ఉందనీ అంటాడు. ఉత్తరాల మీద పెద్ద అక్షరాల్లో అచ్చయ్యే పేరు తనది కాదట, అది ప్రభుత్వం సృష్టించిన ఒక దిష్టిబొమ్మ పేరట, అప్పు ఆ బొమ్మదే గాని తనది కాదట. అప్పు ఆ రహస్య ఖాతా నుంచే తీరిపోతుందన్న నమ్మకంతో, బ్యాంకు పంపిన బిల్లు మీద ‘విలువకు స్వీకరించాను’ అని ఎర్ర సిరాతో అడ్డంగా రాసి, వేలిముద్ర వేసి తిరిగి పంపాడు. సంతకం చేసేటప్పుడు పేరు మధ్యలో అడ్డగీతలు, చుక్కలు పెడుతున్నాడు. పోయిన వారం కారు నంబరు పలక తీసేసి, ‘ప్రైవేటు ప్రయాణికుడు’ అని రాసిన పలక బిగించాడు. కోర్టు గదిలో జెండాకు బంగారు అంచు ఉంటే అది సముద్ర వ్యవహారాలు చూసే నౌకా న్యాయస్థానమనీ, దానికి తన మీద అధికారం లేదనీ పిల్లలకు కూడా చెబుతున్నాడు.

వదిన గ్రీన్ కార్డు మీద ఉంది, భయంతో బిక్కుబిక్కుమంటోంది. నేను అడిగితే కోర్టు తీర్పుల నుంచి తీసిన వాక్యాలు చూపించి, చదువుకుని మాట్లాడమంటాడు. మా అన్నయ్య తెలివితక్కువవాడు కాదు, మా ఊళ్లో లెక్కల్లో అతని తర్వాతే ఎవరైనా. నాకు మూడు సంగతులు తెలియాలి. ఈ మాటల్లో రవ్వంతైనా నిజం ఉందా? ఇలాగే సాగితే వీళ్లకు ఎంత నష్టం జరుగుతుంది? అన్నింటికంటే ముఖ్యంగా, అన్నయ్యతో ఎలా మాట్లాడాలి?

చట్టం చదివినవాడు (జవాబు):

చెల్లెమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెబుతాను. ఈ వాదనను అంగీకరించి ఒక అప్పును గాని, ఒక పన్నును గాని, ఒక నేరారోపణను గాని కొట్టేసిన న్యాయస్థానం అమెరికాలో లేదు. 2011లో ఏడవ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ విషయాన్ని తేటతెల్లంగా రాసింది. ఒక వ్యక్తి తనను తాను సార్వభౌమ పౌరుడని చెప్పుకున్నా, రక్తమాంసాలున్న మనిషినని చెప్పుకున్నా, అతడు కోర్టు పరిధికి బయటివాడు కాడని చెప్పి, ఇలాంటి వాదనలను వచ్చిన వెంటనే తోసిపుచ్చాలని సూచించింది.

అయితే ఇది వట్టి అబద్ధమని ఊరుకుంటే మీ అన్నయ్యగారు మీ మాట వినరు, ఎందుకంటే అందులో కొన్ని ముక్కలు నిజమైనవే. 1933 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక ఉమ్మడి తీర్మానం చేసిన మాట వాస్తవం. ఒప్పందాల్లో బంగారంతోనే చెల్లించాలని రాసుకున్న షరతులు ఇక చెల్లవని, చలామణిలో ఉన్న డబ్బుతో చెల్లిస్తే సరిపోతుందని ఆ తీర్మానం చెప్పింది. అందులో దివాలా అన్న మాట లేదు, ప్రజలను తాకట్టు పెట్టడమూ లేదు. అలాగే ఈ వాదన చేసేవారు తరచూ ఎత్తిచూపే యూనిఫాం కమర్షియల్ కోడ్ అనేది నిజంగానే ఉంది. సరుకుల అమ్మకం, చెక్కులు, తాకట్టు రుణాలు వంటి వ్యాపార వ్యవహారాలు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సాఫీగా సాగడానికి రాష్ట్రాలు తమ చట్టాల్లో చేర్చుకున్న నియమావళి అది. అందులో 1-308 అనే విభాగం ఉంది. ఒప్పందంలో తగాదా వచ్చినప్పుడు, నా హక్కులకు భంగం లేకుండా ఈ పని చేస్తున్నానని చెప్పుకునే వీలు అది కల్పిస్తుంది. దాన్ని పట్టుకుని, సంతకం పక్కన ఆ అంకె రాస్తే ఏ చట్టమూ తనకు వర్తించదని వీరు నమ్ముతారు. బంగారు అంచు సంగతీ ఇంతే. జెండా అంచు అలంకారం మాత్రమేనని, అది పెట్టాలా వద్దా అనేది సైన్యానికి సంబంధించినంతవరకు అధ్యక్షుడి ఇష్టమని 1925లోనే అటార్నీ జనరల్ అభిప్రాయం రాసి ఉంచారు.

వీరు చట్టాన్ని మంత్రంగా చూస్తారు. అక్షరం, స్వరం, సిరా రంగు సరిగ్గా కుదిరితే ఫలితం దానంతటదే వస్తుందనీ, కుదరకపోతే ఎక్కడో ఉచ్చారణ దోషం జరిగిందనీ అనుకుంటారు. అందుకే ఒక పత్రం విఫలమైనప్పుడు నమ్మకం పోదు, మరో పాఠానికి డబ్బు కట్టాలనిపిస్తుంది. పెద్ద అక్షరాల వాదన గురించి నాకు ఒక ఆలోచన వస్తుంటుంది. మన తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదమే లేదు. మీ అన్నయ్య పుట్టినప్పుడు తెనాలి మున్సిపాలిటీ రిజిస్టరులో ఆ పేరు ఎలా రాసి ఉన్నా, రాసింది అమెరికా ప్రభుత్వం కాదు. రహస్య ఖాతా కథ మొత్తం అమెరికా జనన ధ్రువపత్రం మీద నిలబడింది. ఆ పత్రమే లేని మనిషి పేరిట ఖాతా ఎలా తెరిచారని అడగండి. సోషల్ సెక్యూరిటీ కార్డు వెనక ఎర్రగా ఉండే అంకె చూపించి అదే ఖాతా నంబరని కొందరు చెబుతారు, అది కార్డు కాగితానికి వేసిన వరుస సంఖ్య మాత్రమే.

ఇక ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో మీ అన్నయ్య తప్పక తెలుసుకోవాలి. 1970ల ప్రాంతంలో పశ్చిమ రాష్ట్రాల్లో పోసీ కామిటేటస్ అనే ఉద్యమం లేచింది. జిల్లా వంటి కౌంటీకి మించిన ప్రభుత్వం లేదని, కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌ను మించిన అధికారి లేడని అది ప్రచారం చేసింది. దాని ముఖ్య ప్రచారకుల్లో ఒకరైన విలియం పాటర్ గేల్ యూదుల మీద, నల్లజాతి వారి మీద బహిరంగంగా ద్వేషం వెళ్లగక్కిన మనిషి. వారి వాదన ప్రకారం అసలైన సార్వభౌమ పౌరులు తెల్లవారే. అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన పద్నాలుగవ సవరణ వల్ల పౌరులైనవారు ప్రభుత్వానికి లోబడిన రెండవ తరగతి మనుషులట. ఆ సవరణ మొదటి వాక్యం చదివితే, అమెరికాలో పుట్టినవారితో పాటు, పౌరసత్వం స్వీకరించినవారు కూడా అందులోనే ఉన్నారు. అంటే మీ అన్నయ్య పౌరసత్వం నిలబడింది సరిగ్గా వారు తృణీకరించిన ఆ వాక్యం మీదే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే అర్థంలో తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చేదాకా మనవారికి ఆ తలుపు తెరుచుకోలేదు. ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న పత్రాన్ని, మనల్ని మనుషుల కింద లెక్కించని వారు అల్లిన కథ కోసం కాదనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

1980లలో పంట ధరలు పడిపోయి, వడ్డీలు పెరిగి, వేలాది మంది రైతులు పొలాలు పోగొట్టుకుంటున్నప్పుడు ఈ ప్రచారం ఊళ్లలో పాకింది. ‘దిష్టిబొమ్మ’ వాదాన్ని వ్యాపారంగా మార్చిన రోజర్ ఎల్విక్ వంటివారు అప్పటి నుంచే బయలుదేరారు. అప్పుల బాధ తెలిసినవారే వీరి దగ్గరకు వస్తారు, మీ అన్నయ్య కూడా అలాగే వెళ్లారు. తెలివితక్కువతనం కాదు, దిక్కుతోచనితనం.

పద్దుల మనిషి (జవాబు):

నేను హ్యూస్టన్‌లో పన్నుల లెక్కలు చూస్తుంటాను, ఇలాంటి పత్రాలు పట్టుకుని వచ్చినవారిని కొందరిని చూశాను. మీ రెండవ ప్రశ్నకు నాకు తెలిసింది చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది, దయచేసి మీ వదినగారితో కలిసి చదవండి.

ముందుగా ఇల్లు. వాయిదాలు తప్పి మూడు నెలలంటున్నారు. సొంతంగా నివసించే ఇంటి విషయంలో, బకాయి 120 రోజులు దాటేదాకా రుణసంస్థ జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. ఆ గడువు ఇంకా మీ చేతిలో ఉంది. ఈలోగా వాయిదాల సవరణ కోసమో, మరో ఏర్పాటు కోసమో అడిగిన కాగితాలన్నీ జతచేసి పూర్తి దరఖాస్తు ఇస్తే, దాన్ని పరిశీలించి జవాబు చెప్పేదాకా వారు ముందుకు వెళ్లకూడదు. జప్తు మొదలైన తర్వాతైనా సరే, వేలానికి 37 రోజుల కంటే ముందు పూర్తి దరఖాస్తు అందితే ఆ రక్షణ వర్తిస్తుంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ గుర్తింపు ఉన్న సలహాదారులు ఈ కాగితాలు నింపడానికి సాయం చేస్తారు, వారు జప్తు విషయంలో డబ్బు తీసుకోరు.

టెక్సస్‌లో ఆలస్యం చేయడం మరింత ప్రమాదం. ఇక్కడ చాలా గృహరుణాల్లో జడ్జి దగ్గరకు వెళ్లకుండానే ఇల్లు వేలం వేసే వీలు ఉంటుంది. బకాయి తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల నోటీసు, ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు మరో నోటీసు ఇస్తారు, నెలలో మొదటి మంగళవారం కౌంటీలో వేలం జరుగుతుంది. కోర్టులో జెండా అంచు చూసి అభ్యంతరం చెబుదామని ఎదురుచూసే మనిషికి ఆ కోర్టు గది కూడా ఎదురుపడదు. నోటీసు తపాలాలో వేసినప్పుడే అందినట్టు చట్టం లెక్కిస్తుంది గనుక, మీ అన్నయ్య ఆ కవరును ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపినా గడువు ఆగదు.

రెండవది క్రెడిట్ కార్డులు. ఇక్కడే నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలుగుతుంది. ఎందుకంటే టెక్సస్ చట్టం అప్పులపాలైనవారికి చాలా రాష్ట్రాల కంటే ఎక్కువ ఆసరా ఇస్తుంది. క్రెడిట్ కార్డు అప్పు కోసం జీతాన్ని జప్తు చేయడానికి ఇక్కడి రాజ్యాంగం ఒప్పుకోదు. నివసించే ఇంటిని కార్డు కంపెనీ అమ్మించలేదు, ఇంటి మీద ఇచ్చిన రుణం వంటి కొన్నింటికే ఆ అధికారం ఉంటుంది. దావా వేస్తే జవాబు దాఖలు చేసే హక్కు ఉంది, అప్పు తమదేనని, మొత్తం సరైనదేనని నిరూపించాల్సిన భారం వారిదే. చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టులో అయితే సమన్లు అందినప్పటి నుంచి 14 రోజుల్లో ఆ జవాబు ఇవ్వాలి. ఏదీ కుదరకపోతే దివాలా చట్టంలో పదమూడవ అధ్యాయం ఉంది. అర్జీ పెట్టిన క్షణం నుంచి వసూళ్లు, చాలా సందర్భాల్లో ఇంటి వేలం కూడా ఆగి, మూడు నుంచి ఐదేళ్లలో బకాయి తీర్చుకునే పథకం కోర్టు ఆమోదంతో నడుస్తుంది. మీ అన్నయ్య వెతుకుతున్న ఊరట అసలు చట్టంలోనే ఉంది. అది పొందాలంటే మాత్రం ఈ అప్పు నాదే అని ఒక కాగితం మీద ఒప్పుకోవాలి. ఆ గురువులు సరిగ్గా ఆ ఒక్క పనే చేయవద్దంటారు.

మూడవది పన్నులు. ఈ గుంపులో తరువాతి మెట్టు సాధారణంగా అదే. రహస్య ఖాతా నుంచి పన్ను కోత జరిగినట్టు బూటకపు ఫారాలు నింపి, లక్షల డాలర్ల వాపసు అడగమని నేర్పుతారు. అర్థం లేని వాదనలతో రిటర్ను వేస్తే ఒక్కోదానికి 5,000 డాలర్ల జరిమానా ఉంటుంది, అది తేలికైన శిక్ష. నటుడు వెస్లీ స్నైప్స్ ఇలాంటి పన్ను వ్యతిరేక వాదనలను నమ్ముకుని రిటర్నులు వేయకపోతే, 2008లో మూడేళ్ల జైలు శిక్ష పడింది. డబ్బూ పేరూ మంచి న్యాయవాదులూ ఉన్న మనిషి పరిస్థితే అది. ఇక మీ వదినగారి విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఉమ్మడి రిటర్నులో భార్యాభర్తలిద్దరూ సంతకం చేస్తే బాధ్యత ఇద్దరిదీ అవుతుంది. తెలిసి తప్పుడు రిటర్ను మీద సంతకం చేసి, ప్రభుత్వ నష్టం 10,000 డాలర్లు దాటి, నేరం రుజువైతే, గ్రీన్ కార్డు ఉన్నవారిని దేశం నుంచి పంపించివేయవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఉన్నదీ ఒక వలస దంపతుల జంటే. భర్త చెప్పారని మీ వదినగారు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. కావలసివస్తే విడిగా రిటర్ను వేసుకోవచ్చు.

చివరిగా ఒక హెచ్చరిక. జడ్జీల మీద, అధికారుల మీద వాళ్లు మాకు బాకీ ఉన్నారంటూ తాకట్టు నోటీసులు నమోదు చేయడం ఈ పాఠాల్లో ఒక భాగం. నమోదు కార్యాలయం వాటిని పరిశీలించకుండా తీసుకోవచ్చు గనుక పని జరిగినట్టే కనిపిస్తుంది. ఫెడరల్ అధికారుల మీద ఇలా చేస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష పడే చట్టం 2008 నుంచి అమలులో ఉంది. మీ అన్నయ్య అక్కడిదాకా వెళ్లకముందే ఆపండి.

తెనాలి ఆడపడుచు (మళ్లీ):

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు వదినకు ఫోనులో చదివి వినిపించాను. తెనాలి రిజిస్టరు సంగతి అన్నయ్యను అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పౌరసత్వ ధ్రువపత్రం ఇచ్చిన రోజునే ఖాతా తెరిచారని గురువుగారు చెప్పారన్నాడు. ఆ మాట మొదట చెప్పలేదు కదా అంటే చిరాకుపడ్డాడు.

కారు విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాడు. 1930లో వర్జీనియా అత్యున్నత కోర్టు ఇచ్చిన తీర్పులోని ఒక వాక్యం చూపించాడు. రహదారి మీద ప్రయాణించడం పౌరుడి హక్కే తప్ప, ఒక నగరం తన ఇష్టం వచ్చినట్టు ఇచ్చి తీసుకునే అనుమతి కాదని అందులో ఉంది. ఆ వాక్యం నిజంగానే ఉందా? ఉంటే దానికి నేనేం చెప్పాలి?

చట్టం చదివినవాడు (జవాబు):

ఉంది చెల్లెమ్మా, ఆ వాక్యం నిజంగానే ఉంది. థాంప్సన్ అనే వ్యక్తికీ స్మిత్ అనే పోలీసు అధికారికీ మధ్య నడిచిన కేసు అది. మీరు చేయవలసిందల్లా అన్నయ్య పక్కన కూర్చుని ఆ తీర్పు మొత్తం, తరువాతి పేరాలతో సహా, చదవమని అడగడమే. ఆ హక్కును ప్రజల భద్రత కోసం నియంత్రించవచ్చని, వాహనం నడపడానికి పర్మిటు తీసుకోవాలని నగరం కోరడం సమంజసమేనని అదే తీర్పు చెబుతుంది. ఆ కేసులో కోర్టు తప్పుపట్టింది పర్మిటు అనే ఏర్పాటును కాదు, ఏ ప్రమాణమూ లేకుండా తన ఇష్టప్రకారం పర్మిటు రద్దు చేసే అధికారాన్ని ఒక పోలీసు అధికారి చేతిలో పెట్టడాన్ని. అంతకు పదిహేనేళ్ల ముందే, 1915లో, వాహనాల నమోదు, డ్రైవర్ల లైసెన్సు కోరే అధికారం రాష్ట్రాలకు ఉందని అమెరికా సుప్రీంకోర్టు మేరీల్యాండ్ నుంచి వచ్చిన కేసులో తేల్చింది. ఈ గుంపు వాడే ఉదాహరణల్లో చాలావరకు ఇదే పద్ధతి కనిపిస్తుంది. తీర్పులో ఒక వాక్యం తీసి, దాని తర్వాతి వాక్యాన్ని వదిలేస్తారు. చదువుకుని మాట్లాడమని మీతో అంటున్నారు కదా, ఆ మాటనే పట్టుకోండి. వాదించవద్దు, కలిసి చదవండి.

అయితే నంబరు పలక విషయంలో చదువు పూర్తయ్యేదాకా ఆగవద్దు. 2010 మే 20న అర్కాన్సాస్‌లోని వెస్ట్ మెంఫిస్‌లో ఇద్దరు పోలీసు అధికారులు ఒక వ్యానును ఆపారు. అందులో ఉన్నది జప్తుల నుంచి తప్పించుకునే మార్గాల మీద ఊరూరా పాఠాలు చెప్పే ఒక తండ్రి, పదహారేళ్ల అతని కొడుకు. మాటల మధ్యలో ఆ కొడుకు తుపాకీ తీసి ఇద్దరు అధికారులనూ చంపాడు, అదే రోజు పోలీసు కాల్పుల్లో తండ్రీకొడుకులు ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత 2011లో ఎఫ్‌బీఐ ఈ సార్వభౌమ పౌరులను పోలీసులకు పెరుగుతున్న ముప్పుగా పేర్కొంటూ ఒక వ్యాసం ప్రచురించింది. మీ అన్నయ్య చీమకు కూడా హాని చేయని మనిషి కావచ్చు. కానీ రాత్రిపూట రోడ్డు పక్కన ఆ పలక చూసిన పోలీసుకు మీ అన్నయ్య తెలియదు, ఆ పలక మాత్రం తెలుసు. కారులో పిల్లలు కూడా కూర్చుంటారు. అది ఈ రోజే తీయించండి.

వరంగల్ వాసి (జవాబు):

మీ మూడవ ప్రశ్నకు నా అనుభవం చెబుతాను, ఇది అమెరికా సంగతి కాకపోయినా పనికొస్తుందని అనుకుంటున్నాను. మా బాబాయికి కొన్నేళ్ల క్రితం, భారతదేశం నిజంగా స్వతంత్రం కాలేదని, బ్రిటిషువారు 99 ఏళ్ల లీజుకే ఇచ్చారని, అందుకే ఇక్కడి చట్టాలు చెల్లవని నమ్మకం పట్టుకుంది. మన రాజ్యాంగం 395వ అధికరణం బ్రిటిషు పార్లమెంటు చేసిన 1947 నాటి స్వాతంత్ర్య చట్టాన్నే రద్దు చేసిందని నేను పుస్తకం తెచ్చి చూపించాను. ఆయన వినలేదు. పైగా నేను ప్రభుత్వం మనిషినన్నాడు. ఆరు నెలలు మా మధ్య మాటలు లేవు.

తర్వాత అర్థమైంది, బాబాయికి ఊళ్లో రెండెకరాల హద్దు తగాదా పదేళ్లుగా తేలడం లేదు, తిరిగిన ప్రతి కార్యాలయంలోనూ అవమానమే ఎదురైంది. ఆ చట్టాలు అసలు చెల్లవన్న మాట వినగానే ఆయనకు మొదటిసారి తల ఎత్తుకోగలిగినట్టు అనిపించింది. నేను 395వ అధికరణం చూపించినప్పుడు ఆ కాస్త గౌరవాన్నీ లాక్కుంటున్నట్టు తోచింది. మధురలోని జవాహర్ బాగ్‌ను ఆక్రమించుకుని, ప్రస్తుత కరెన్సీ చెల్లదని, ఎన్నికలు రద్దు చేయాలని పట్టుబట్టినవారి కథ 2016 జూన్‌లో ఇద్దరు పోలీసు అధికారులతో సహా ఎంతోమంది ప్రాణాలు పోవడంతో ముగిసింది. అక్కడ చేరినవారిలోనూ ఎక్కువమంది పేదలే. చట్టం దగ్గర ఓడిపోయినవాడికే చట్టం అబద్ధమన్న మాట తీపిగా వినిపిస్తుంది.

కాబట్టి సిద్ధాంతం గురించి ఎక్కువ మాట్లాడకండి. వ్యాపారం పోయిన రోజు గురించి మాట్లాడండి. నేను చివరికి చేసింది హద్దు తగాదాకు మంచి సర్వేయరును, ఓపికగల వకీలును వెతికిపెట్టడమే. కాగితం కదలడం మొదలయ్యాక లీజు మాట ఆయన నోట తగ్గిపోయింది. నేను గెలిచానని ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఇంకొకటి, మీ నాన్నగారి చేత ఫోనులో తిట్టించకండి. ఆయన పెద్దరికానికి తలవంచి అప్పటికి సరే అంటారు, తర్వాత మీకు చెప్పకుండా చేస్తారు.

పద్దుల మనిషి (జవాబు):

వరంగల్ వాసి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క మాట చేరుస్తాను. కెనడాలోని ఆల్బర్టాలో జస్టిస్ రూక్ 2012లో ఒక విడాకుల కేసులో ఈ వాదనలన్నింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తూ సుదీర్ఘమైన తీర్పు రాశారు. పత్రాలు పట్టుకుని కోర్టుకు వచ్చే మనిషికీ, ఆ పత్రాలు అమ్మే గురువులకూ మధ్య తేడాను ఆయన చాలా స్పష్టంగా గీశారు. ఆ గురువులు తమ శిష్యులు జైలుకు వెళ్తున్నా డబ్బు తీసుకోవడం మానరు. గురువుగారిని ఒక్క ప్రశ్న అడగమని మీ అన్నయ్యతో చెప్పండి, ఆయన తన సొంత ఇంటి రుణాన్ని ఈ పద్ధతిలో తీర్చుకున్న రసీదు చూపించగలరా అని. రహస్య ఖాతాలో కోట్లు ఉన్న మనిషికి పదిహేను వందల డాలర్ల ఫీజు ఎందుకో కూడా. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడగమనండి.

తెనాలి ఆడపడుచు (మళ్లీ):

మూడు వారాలు గడిచాయి. జరిగింది చెప్పడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను.

పలక వెంటనే మారింది. నేను చెప్పినందుకు కాదు, పిల్లలు ఆ కారులో కూర్చోరని వదిన ఒక్క మాట అన్నందుకు. తీర్పు మొత్తం ఇద్దరం కలిసి వీడియో కాల్‌లో చదివాం, రెండు గంటలు పట్టింది. పర్మిటు కోరడం సమంజసమన్న చోటు వచ్చినప్పుడు అన్నయ్య ఆ పేరాను తనంతట తానే మరోసారి చదువుకున్నాడు. నేనేమీ అనలేదు.

వ్యాపారం మూసిన రోజు గురించి అడిగాను. షాపు తాళం ఆ గది యజమానికి అప్పగించి, కారులో కూర్చుని సాయంత్రం దాకా ఇంటికి వెళ్లలేకపోయానని చెప్పాడు. ఆ మాట వదినకు కూడా అప్పటిదాకా తెలియదు.

రసీదు ప్రశ్న గురువుగారికి ఈమెయిల్లో పంపాడు. జవాబుగా ఇంకా పై స్థాయి పాఠానికి మూడు వేల డాలర్లు కట్టమని వచ్చింది. దానికి అన్నయ్య ఇంకా బదులు రాయలేదు. నమ్మకం పూర్తిగా పోయిందని చెప్పలేను. నిన్న కూడా 1933 ఊసు ఎత్తాడు. కానీ గృహ సలహాదారు దగ్గరకు వదిన ఒక్కతే వెళ్తానంటే, తానూ వచ్చి పక్కన కూర్చున్నాడు. దరఖాస్తులో రుణగ్రహీత పేరు రాయవలసిన చోట ఆగి, కలం పట్టుకుని చాలాసేపు చూశాడట. తర్వాత అడ్డగీతలూ చుక్కలూ లేకుండా, నాన్న పెట్టిన పేరు మామూలుగా రాశాడు. దరఖాస్తు 112వ రోజున చేరింది.